మీ అవ్వ సముద్రం చూసిన పొద్దు

ఏమి పాపా, రెండు దినాల టూరుకు అన్ని గుడ్డలా? ఆ జిప్పు తెగిపోతాది చూడు. యాడికంటివి, సముద్రం కాడికా? పోయిరా తల్లీ, వయసులో ఉన్నప్పుడే పోవల్ల ఇట్లాంటి చోట్లకి. ఏమీ? మనింట్లో సముద్రం చూసినోళ్ళు ఎవురూ లేరా? ఎవురు చెప్పిరి నీకు అట్లని? మీ అవ్వ చూసింది. చౌడమ్మవ్వ, ఇంగెవురు, మీ నాయన రమేష్‌ను కన్నతల్లి, నాకు వదినె. నేనూ చూస్తిని, ఇద్దరమూ కలిసే పోతిమి. నువ్వు పుట్టేతలికే ఆమె పోయె, నీకు తెలిసిందంతా గోడమింద పటమే. ఆ పటంలో ఉండే మాదిరి మొగం ముడుచుకోని ఉండే మనిషి కాదు మీ అవ్వ. ఫోటో తీసేవాడు నగొద్దు, కదలొద్దు అని బెదిరిచ్చినాడు, అందుకే అట్ల పడె. రవంత ఆ కిటికీ ఎయ్యి, జల్లు లోపలికి కొడతాండాది. చూడు, కత్తెరెండల్లో వాన. ఆ పొద్దూ ఇట్లనే. ఇట్ల వానొచ్చినప్పుడల్లా ఆ పొద్దు మతికొస్తాది, వచ్చి తలకాయంతా గలిబిలి చేసి పోతాది. నేను ఆడ్నే ఉంటిని, నా కండ్లతోనే చూస్తిని, అయినా ఏం జరిగిందో ఈ పొద్దుటికీ నాకు తెగదు.

మీ తాత సంగతి తెలుసుగదా. నంజుండప్ప, నాకు తోడబుట్టిన అన్న. కదిరి తేరు చూసొస్తానని పోయినోడు మళ్ళా రాలేదు. కొట్లాటా లేదు, మాటామాటా అనుకున్నదీ లేదు. పొద్దున్నే తలకు పోసుకోని, ఉతికిన పంచె కట్టుకోని, పిల్లోనికి బత్తాసులు తెస్తానని చెప్పి పోయె. పిల్లోడంటే మీ నాయనే, అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తాండె. తేరులో తొక్కిసలాట జరిగిందేమో అని కొందరు, సన్యాసుల్లో కలిసిపోయినాడని కొందరు, బెంగుళూరులో చూసినామని ఇంగ కొందరు. మా నాయన తిరగని ఊరు లేదు. ధర్మవరంలో ఎవురో సోది చెప్పే ఆమె, మీవాడు నీళ్ళ పక్కన ఉండాడు అనె. నీళ్ళ పక్కనంటే యాడని పోయేది? మన సీమలో నీళ్ళే లేవు. నగు నగు. అప్పుడు మేమూ నగినాం, ఏడుస్తానే.

అట్ల ఐదారేండ్లు గడిచిపోయె. హిందూపురంలో లాల్‌సాబ్ అని ఉండె, చింతపండు మండీ లారీ తోలేవాడు. మా నాయనకు బాగా కావాల్సినోడు, వాళ్ళ పెండ్లాం షాహిదమ్మకు మీ అవ్వంటే ప్రాణం. ఆయప్ప ఒక దినం లారీ మన వాకిట్లోనే నిలబెట్టి దిగె. నెల్లూరు దిక్కు సరుకు దింపేసి, ఉప్పు ఎత్తుకొచ్చేదానికి సముద్రం ఒడ్డున ఏదో పాళేనికి పోయినాడంట. ఆ ఊరి పేరు నోట్లోనే ఆడతాండాది, బయటికి రాదు. ఆ పక్కంతా పాళేలేలే. ఆడ టీ అంగడి కాడ మా అన్న మాదిరి మనిషి కనపడితే, నంజుండన్నా అని కేకేసినాడంట. ఆ మనిషి తిరిగి చూసి, టీ గలాసు బల్లమింద పెట్టి, గమ్మున ఎల్లిపాయనంట. లాల్‌సాబ్ మా నాయన కాళ్ళకాడ కూసోని, నాకైతే ఆయన్నే అనిపిస్తాండాది గానీ ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేనప్పా, గడ్డం ఉండాది, చిక్కిపోయి ఉండాడు అనె. తిరిగి చూసినాడుగదా అంటాది మా అమ్మ. ఎనకనుంచి కేకేస్తే ఎవురైనా తిరిగి చూస్తారుగదా అంటిని నేను. నాయనకు అప్పుటికే మోకాళ్ళు పట్టుకొని ఉండె, బస్సెక్కలేడు. మీ అవ్వ పొయ్యికాడ నుంచి లేచొచ్చి, నేను పోతా మామా, శారదను తోడు పంపియ్యి అనె. అంతే.

పెనుకొండలో రైలెక్కి ధర్మవరం, ఆడ నుంచి చిన్నరైలు, కదిరి మింద పాకాలదాకా. కదిరి స్టేషన్ వచ్చినప్పుడు మీ అవ్వ కిటికీ తలుపు దించేసె. నేను చూసీ చూడనట్ల ఉంటిని. పాకాల నుంచి తిరుపతి, తిరుపతి నుంచి నెల్లూరు బస్సు, మళ్ళా ఇంగో బస్సు. ఆ బస్సు దిగేతలికి ఆకాశమంతా కారు నలుపు. సముద్రంలో వాయుగుండం లేసిందంట. మే నెలలో వానేందిరా దేవుడా అనుకుంటిమి. మా సీమ మనిషి ఎవురన్నా ఉండారా అని టీ అంగడోణ్ణి అడిగితే, సీమాయనా, అదో ఆ తాటాకిల్లు అని చూపిచ్చె. ఆ ఊర్లో ఆయప్పను అందరూ సీమాయనే అంటారు. మేము ఆ ఇంటి వాకిట్లోకి పోయేతలికి చినుకులు మొదులాయె. ఒక ఆడమనిషి, నిండు చూలాలు, ఇసకలో పరిచిన ఎండుచేపల్ని వంగలేక వంగలేక ఎత్తుతాండాది. మమ్మల్ని చూసి, ఎవురు ఏమి అని అడగకుండానే, 'ఏందిమా అట్టా చూస్తా నిలబడ్డారు, చేపలు తడిసిపోతుండాయి, ఒక చెయ్యెయ్యండి' అనె. నేను ముక్కు మూసుకొని నిలబడితి. మీ అవ్వ సంచి కింద పడేసి, చెంగు బిగిచ్చి, చేపలు ఎత్తను మొదులుపెట్టె. ఈమె ఏమికొచ్చింది, ఏం చేస్తాండాదని నాకు అప్పుడే దిక్కు తెలీకపోయె.

ఆ ఆడమనిషి పేరు మస్తానమ్మ. మంచి మనిషి పాపా. చెడ్డ మనిషై ఉంటే నాకింత కష్టం లేకపోవు. తల తుడుచుకోమని గుడ్డ ఇచ్చె, వేడిగా టీ ఇచ్చె, అప్పుడు అడిగె ఏ ఊరని. పెనుకొండ దిక్కు అనె మీ అవ్వ. అట్టనా, మా ఆయనదీ ఆ సీమే, ఎంత సంతోషపడతాడో మిమ్మల్ని చూస్తే అని మస్తానమ్మ మొగమంతా వెలిగిపాయె. ఆయన వలదారానికి నెల్లూరు పోయినాడంట, సాయంత్రం బస్సుకు వస్తాడంట. ఎందుకొచ్చినారు ఇంత దూరం అనె. నేను నోరు తెరిస్తి. మీ అవ్వ నా తొడమింద గిల్లి, సముద్రం చూద్దామని వచ్చినాం అనె. మస్తానమ్మ కడుపు పట్టుకొని నగె. నేను ఆ ఇల్లంతా కండ్లతో వెతుకుతాండా. కొయ్యకు ఒక చొక్కా యాలాడతాండాది. మా అన్నకు సరిపోతాది, ఇంగెవురికైనా సరిపోతాది. ఫోటో ఒక్కటీ లేదు. ఆయన పేరేమని అడిగితిని. రామచంద్ర అనె. పోయిన పానం తిరిగొచ్చినట్లాయె. కాదు, మా అన్న కాదు అనుకుంటి. ఆ ఎంబడే ఆమె, ఆయనకు ఆడ ఎవురూ లేరంటక్కా, అందురూ సచ్చిపోయినారంట అనె. అప్పుడు మీ అవ్వ టీ గలాసు రెండు చేతుల్తో పట్టుకొని ఉండాది. కడాదాకా తాగి కింద పెట్టె. నేను చూస్తిని.

మూలలో నులకమంచం మింద ఒక ఆడపిల్ల పండుకొని ఉండె, మూడేండ్లది ఉంటాదేమో. ఒళ్ళు కాలిపోతాండాది. మస్తానమ్మ దిగులంతా ఆ పిల్లే. సూదేసే ఆయన కాడికి ఎత్తకపోవల్ల, చూలాలు, బయట జారుడు. రేషన్ అంగట్లో కిరసనాయిలుకు ఆ పొద్దే కడాపటి దినం. ఇంట్లో పిండి నిండుకొనిందంట, మరకు పోవల్ల. ఆ మనిషి ఒకటొకటే చెప్తాండాది, మాకు చెప్పినట్ల కాదు, తనకు తాను చెప్పుకున్నట్ల. మీ అవ్వ లేచి ఆ పిల్లను సంకనేసుకొనె. నేను పోయొస్తాలేమ్మా, నువ్వు కూసో, యా ఇల్లో చెప్పు చాలు అనె. నా చేతికి కిరసనాయిలు క్యాను, రాగుల మూట ఇప్పిచ్చె. నెత్తి తడవకుండా గోనెపట్ట కొప్పెర కట్టుకోని ఇద్దరమూ ఆ వానలో పడితిమి. వీధిలోకొచ్చినాక నేను అడిగితి, ఏమి వదినె ఇది, మనమొచ్చిన పనేమి, నువ్వు చేసే పనేమి అని. పిల్ల మింద జల్లు పడకుండా గోనెపట్ట ఇట్ల పట్టుకో అనె. అదే జవాబు.

సూదేసే ఆయన కాడ జనం కిటకిటమంటాండారు. ఆయన పిల్ల నాలుక చూసి, ఎవురి పిల్లమా ఇది, నువ్వెవురు, ఊర్లో ఎప్పుడూ చూళ్ళేదే అని అడిగె. మీ అవ్వ పిల్ల నెత్తి తుడుస్తా,

'మా పిల్లే' అనె.

మా పిల్లే అని. నేను ఈడ నిలబడుండా, ఆమె ఆడ. నా చెవుల్తో విన్యా. ఎట్లా మా పిల్ల? మొగునికి పుట్టిందని అనుకొని అనిందా, ఊరికే ఆ మాటకు అడ్డం చెప్పలేక అనిందా? ఆడోళ్ళు పరాయి పిల్లనెత్తుకున్నా మా పిల్లే అనడం లేదా? నేనూ అంటానుగదా, పక్కింటి సుహానా పాపను. ఆ పిల్ల గెడ్డం మింద గుంట ఉండె. మనింట్లో అందరికీ ఉంటాదిగదా, నీకూ ఉండాది. కానీ జరమొచ్చి చిక్కిన పిల్లకు ఎవురికైనా గుంటలు పడతాయి, ఏమో.

రేషన్ అంగడి కాడ ఆడోళ్ళు మమ్మల్ని చుట్టుకొనిరి. సీమాయన చెల్లెండ్లా మీరు అని ఒకామె, కాదులే వదినెలేమో అని ఇంగొకామె. మీ అవ్వ అవునన్లా కాదన్లా. బంధువులమే అనె. వాళ్ళే మాకు తెలీనివన్నీ చెప్పిరి. ఆయన మంచోడంట, తాగడంట, పడవెక్కమంటే మటుకు భయపడతాడంట. ఒడ్డునే వలలు బాగుచేస్తాడంట. వానొస్తే అందరూ ఇంట్లోకి పోతే ఆయనొక్కడే బయటికొచ్చి తడుస్తా నిలబడతాడంట. నేను వదినె మొగం చూస్తిని. మా అన్నా అంతే, చిన్నప్పుటి నుంచి. కానీ పాపా, మన సీమలో వానొస్తే బయటికొచ్చి నిలబడనోడు ఎవురుండారు చెప్పు? మా నాయన నిలబడతాండె, లాల్‌సాబ్ లారీ నిలిపి నిలబడతాండె. అది పట్టుకొని మా అన్నని ఎట్లనేది?

మరలో పిండి ఆడేతలికి రవంత వాన తగ్గె. ఆడ నుంచి నాలుగడుగులు వేస్తే సముద్రం. పిల్ల సూదేసినాక మీ అవ్వ భుజం మింద నిద్దరపోతాండాది. ఇద్దరమూ పోయి నిలబడితిమి. ఎట్లుంటాదో అనుకోని పోతిమి, బూడిద మాదిరి ఉండె. ఆకాశం యాడ అయిపోయిందో నీళ్ళు యాడ మొదులైనాయో తెలీలా. సప్పుడు మటుకు, అబ్బా. మీ అవ్వ కొంచేపు చూసి, ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక మడికి పారదు గదా శారదా అనె. నేను నగితిని. ఆమె నగలా. పిల్ల కాళ్ళు చెంగులో కప్పుకొని తిరుక్కొనె.

ఇంటికి పోయినాక మస్తానమ్మ, అక్కా, మీ సీమ ముద్ద చెయ్యను నాకు చేతకాదు, ఆయన నేను చేసింది తింటాడు గానీ ఏమో మనసురానట్ట తింటాడు, నేర్పిచ్చు అనె. మీ అవ్వ నీళ్ళు మరగబెట్టి, నూకలు ఉడికిచ్చి, పిండి పోసి, కట్టెతో గెలికె. నువ్వు మీ అవ్వ చేతి సంగటి తినలా. ఉండ కట్టకుండా, జిగురు లేకుండా, చేత్తో ముడితే మెత్తగా జారిపోతాండె. సెనక్కాయల పచ్చడి, అదే ఊరిమిండి, నూరె, దాంట్లో ఒక్కటే వెల్లుల్లిపాయ, రవంత చింతపండు, మన ఇంట్లో ఎట్ల చేస్తామో అట్లనే. ముద్దలు చేసి, రెండు తీసి పక్కన గిన్నెలో పెట్టి, మింద తట్ట మూసె. ఇది మీ ఆయనకు ఉండనీ అనె. ఆ ముద్ద తింటే మా అన్నైతే ఒక్క బుక్కకే తెలిసిపోతాదిగదా ఎవురొచ్చినారో. సరే, సాయంత్రం ఆయనొస్తాడు, ఈమె నిలదీస్తాది, అందుకే పొద్దుటినుంచి ఇట్ల ఓర్చుకొని ఉండాది అనుకుంటిని. నేనైతే ఏం మాట్లాడల్ల, ఎట్ల తిట్టల్ల అని అన్నీ మనసులో పేర్చుకుంటాండా. పిల్లకు జరం దిగె. లేచి కూసోని మీ అవ్వ చేతి గాజులు లెక్కపెడతాండాది, లెక్క రాకపోయినా.

సాయంత్రమాయె. మీ అవ్వ చెయ్యి కడుక్కోని, సంచి ఎత్తుకొనె. పోదాం శారదా, బస్సొస్తాది అనె. నాకు మతిపోయె. మస్తానమ్మ చెయ్యి పట్టుకొని బతిమాలుతాండాది, ఆయన ఆ బస్సుకే వస్తాడక్కా, ఒక్క రేత్రి ఉండండి, మీ ఊరి మాట వింటే ఆయన పానం లేచొస్తాది అని. ఇంటికాడ పిల్లోడు ఉండాడమ్మా, నా కోసం చూస్తాంటాడు అనె మీ అవ్వ. మస్తానమ్మ ఇంగేం చెయ్యలేక ఒక పొట్లం ఎండుచేపలు కట్టిచ్చె. దాన్ని మళ్ళా రైల్లో ఎంతమంది తిట్టిరో, దావంతా. పారేద్దాం వదినె అంటే పారెయ్యలా. తెచ్చి షాహిదమ్మకు ఇచ్చె.

మళ్ళా వాన గట్టిగా పట్టుకొనె. బస్సు వచ్చి నిలబడె, లోపల దీపాలేసుండారు. మీ అవ్వ ముందర, నేను ఎనక. దిగేవాళ్ళు దిగుతాండారు. కడాన ఒక మనిషి, నెత్తిమింద గోనెపట్ట, చంకలో దారం ఉండలు. మెట్లమింద మీ అవ్వా ఆ మనిషీ ఎదురెదురు పడిరి. మీ అవ్వ దావిచ్చె. ఆయప్ప దిగతా, 'చూసుకోని ఎక్కండమ్మా, మెట్లు జారతాండాయి' అనె. జారతాండాయి అని, మన మాట. గోనెపట్ట అడ్డం, నాకు మొగం కనపల్లా. గొంతు విన్యా. మా అన్న గొంతేనా? ఐదారేండ్లు వినని గొంతు, వానలో, బస్సు ఇంజను సప్పుట్లో. అవుననుకుంటే అవును, కాదనుకుంటే కాదు. ఆయప్ప తిరిగి చూడకుండా ఇంటి దిక్కు పాయె. నేను లోపలికి పోయి కూసోని, అన్నేనా వదినె, చెప్పు, ఇంగా బస్సు కదల్లా, దిగుదాం అంటిని. మీ అవ్వ ముందర సీటు కమ్మి పట్టుకొని ఉండాది. బస్సు కదిలె. ఊరు దాటె. అప్పుడు చెప్పె.

'కాదు శారదా. ఆయప్ప వేరే మనిషి.'

ఇంటికొచ్చినాక నాయన వాకిట్లోనే నిలబడుండె. ఆయనకూ అదే చెప్పె, కాదు మామా అని. మా అమ్మ ఏడిచె. నాయన నా దిక్కు చూసె. నేనేం చెప్పేది? నాకు తెలిస్తేగదా. వదినె చూసింది, నేను చూళ్ళేదు అంటిని. అది నిజమే. ఆ తర్వాత మీ అవ్వ ఎప్పుటిమాదిరే చేనికి పోయె, పిల్లోణ్ణి సాకె, నాయన మంచాన పడితే అన్నీ చేసె. బొట్టు తియ్యలా, గాజులు తియ్యలా, ఆయన పేరూ ఎత్తలా. ఒక తూరి సెనగ చెట్లు పెరికేకాడ ఇద్దరమే ఉంటే నేను అడిగితి. ఏమి వదినె, ఆ పొద్దు ఒక్క రేత్రి ఉండుంటే ఏమైపోతాండె, సంగటి చేసి పెట్టి కూడా ఎందుకొచ్చేస్తివి అని. ఆమె మన్ను దులిపి, చెట్టు కుప్పలో ఏసి, ఆ పిల్లకు జరమొచ్చిందిగదా శారదా అనె. నేను అడిగిందానికి ఆమె చెప్పిందానికి ఏమన్నా పొంతన ఉండాదా, నువ్వే చెప్పు. చదువుకున్నదానివిగదా.

ఇంగో మాటుండాది. అది విన్యాకనే నా తలకాయ పూర్తిగా తిరిగిపాయె. మా అన్న ఇల్లిడిచి పన్నెండేండ్లు దాటినాక అయ్యవారు మా నాయనతో అనె, ఇంగ రాడు, మనిషి ఉండాడో లేడో, కర్మ చేసెయ్యండి, లేకపోతే ఇంటికి మంచిది కాదు అని. నాయన సరే అనె. నువ్వులు, పిండి, దర్భలు అన్నీ తెప్పిచ్చిరి. మీ నాయనకు అప్పుటికి మీసాలొస్తాండాయి, పంచె కట్టిచ్చి కూసోబెట్టిరి. మీ అవ్వ అప్పుడు చేను నుంచి వచ్చె. గడపకాడ నిలబడి చూసె. గొడవ చెయ్యలా, గట్టిగా అరవలా. పోయి మీ నాయన చెయ్యి పట్టుకొని లేపె.

'బతికుండే మనిషికి పిండం పెట్టకూడదు మామా' అనె.

అయ్యవారు, నీకెట్ల తెలుసమ్మా బతికుండాడని అనబోయె. నాయన చెయ్యెత్తి ఆపె. ఆమెనట్లనే కొంచేపు చూసె, చూసి, అయ్యవారూ పోయిరాండి అనె. అంతే. చచ్చిపోయేదాకా నాయన మళ్ళా ఆ మాట ఎత్తలా. నాయనకేమో అర్థమాయె. నాకు కాలా. కాదు అనిందీ ఆమే, బతికుండాడు అనిందీ ఆమే. వేరే మనిషైతే మా అన్న బతికుండేది ఈమెకెట్ల తెలుసు? మా అన్నే అయితే ఎందుకు వదిలేసొచ్చె? ఏమో, ఊరికే నమ్మకంతో అనిందేమో, ఆడోళ్ళు అంటారుగదా అట్ల. మీ నాయన పెండ్లయినాక ఒకే ఒక్క తూరి నన్ను అడిగినాడు, అత్తా, నువ్వు పోయింటివిగదా, ఆయన్నేనా అని. మీ అమ్మ ఏం చెప్పిందో అదేరా అంటిని. ఆ అదే అనేది ఏదని అడిగింటే, ఆమె చెప్పిన రెండిట్లో ఏదో నాకే తెలీదు. ఆ పిల్లకు ఇప్పుడు యాభై దగ్గిర పడింటాయి, ఉంటే. నువ్వు పోయే ఊరు యాడ ఉండాదంటివి? నెల్లూరు దిక్కు కాదుగదా? పేరేమంటివి, పాళెమా...

ఉండు. బండి సప్పుడు. మీ నాయనే వచ్చినాడు. లెయ్యి, గేటు తీపో, తడుస్తాండాడు పాపం.